పసిమి ఛాయ

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ ఉదయం డ్రైవరుగారు గడ్డం గీసుకుంటుంటే తలుపు పక్కన నిలబడి చూశాను. మెడ కింద చర్మం కొంచెం వేలాడుతోంది. పెళ్ళయిన కొత్తలో అది లేదు. ఉండే ఉంటుంది. అప్పుడు నేను అంత దగ్గరగా చూడలేదు.

దశాబ్దాలు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు విసుక్కుంటుంటే నాకు వింతగా ఉంటుంది. మాకు విసుక్కునే తీరిక ఎక్కడిది? నాకు యాభై దాటాక పెళ్ళి. ఆయనకు రెండోది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు ఆయన నడిపే బస్సెక్కే దుకాణానికి వెళ్ళేదాన్ని. ఆయన వీపూ, టోపీ, ముందు అద్దంలో కనిపించే కనుబొమలూ తప్ప ఇంకేమీ తెలియదు. అమ్మ చనిపోయిన నెలలో ఒకరోజు నా స్టాపులో దిగడం మరిచిపోయి చివరిదాకా వెళ్ళిపోయాను. అందరూ దిగాక ఆయన వచ్చి పక్క సీట్లో కూర్చుని, "ఎక్కడ దిగాలండీ?" అన్నారు. "తెలీదు" అన్నాను. అలా మొదలయింది.

అంత ఆలస్యంగా దొరికిన మనిషిని తొందరగా పోగొట్టుకోవడం నా వల్ల కాదు. అందుకే ఆ సీసా తెచ్చాను.

పోయిన వారం దుకాణానికి ఒకావిడ కళ్ళజోడు కొలతకు వచ్చింది. నా ఉద్యోగమే ముఖాలు చూడటం. ముక్కు దూలం వెడల్పెంత, చెవులు సమంగా ఉన్నాయా, కంటికీ కంటికీ ఎడమెంత. ముఖం చూసి వయసు చెప్పడంలో నేను సాధారణంగా తప్పను. ఆవిడకు నలభై ఐదనుకున్నాను. చీటీలో అరవై మూడని రాసింది. చర్మం పట్టుబట్టలా ఉంది. ఏం వాడతారని అడగకుండా ఉండలేకపోయాను. అడుగుతానని ఎదురుచూస్తున్నట్టే చేతిసంచీలోంచి సీసా తీసింది. ఇంటి దగ్గర ఆవిడే అమ్ముతుందట. ఆకుల సారం, వేళ్ళ సారం, ఇంకా నోరు తిరగని పేర్లేవో ఉన్నాయి. ఎలుకల మీద పరీక్షిస్తే ముసలి ఎలుకలు కుర్ర ఎలుకల్లా పరిగెత్తాయట.

డ్రైవరుగారికి చెబితే, "ఎలుకలకి అంత ఆయుష్షు ఎందుకోయ్, ఏం చేసుకుంటాయి?" అన్నారు. అయినా అరచెయ్యి చాపారు.

ఫిబ్రవరి 10

రెండు గుళికలు ఆయనకి, రెండు నాకు. ఉదయం టీకి ముందు. ఆయన వాసన చూసి, "గడ్డివాము కంపు" అన్నారు. మింగాక నాలుక చాపి చూపించారు, చిన్నపిల్లాడిలా.

ఫిబ్రవరి 27

మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కాను. ఆయాసం లేదు. నిన్న కూడా ఆగలేదేమో. గుర్తులేదు.

మార్చి 16, ఆదివారం

అమ్మాయి వచ్చింది. డ్రైవరుగారి కూతురు. మా పెళ్ళయిన మొదట్లో ఈ ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు రెండు మూడు వారాలకొకసారి వచ్చి భోంచేసి వెళ్తోంది. నన్ను ఆంటీ అంటుంది, మీరు అంటుంది. బడిలో లెక్కలు చెబుతుంది, ఇంట్లోనూ అదే గొంతు. పంచదార డబ్బా మూత వదులుగా ఉంటే, "ఇది ఎవరు పెట్టారు?" అంటుంది, తరగతి మొత్తాన్నీ అడిగినట్టు. నాకు ఇప్పటికీ లేచి నిలబడాలనిపిస్తుంది.

ఈ రోజు మాత్రం నవ్వుతూ, "నాన్నా, హుషారుగా ఉన్నావే" అంది. నాకు గర్వంగా అనిపించింది.

ఆ పిల్ల వచ్చే ముందు సీసా తీసి టీపొడి డబ్బా వెనక పెట్టాను. దాచడానికి కాదు. అరలు సర్దుతున్నాను, అంతే.

మార్చి 29

రెండో సీసా మొదలుపెట్టాం.

ఏప్రిల్ 4

సగం కంచంలోనే వదిలేశారు. ఎండలు ముదిరాయి కదా. ఇంజను పక్కన కూర్చునే మనిషికి ఆకలేం వేస్తుంది.

ఏప్రిల్ 8

డ్రైవరుగారు రంగు తేలుతున్నారు. నేను కల్పించుకుని రాయడం లేదు. ఉదయం కిటికీ దగ్గర యూనిఫారం బొత్తాలు పెట్టుకుంటుంటే వెలుతురు సరిగ్గా ముఖం మీద పడింది. మామూలుగా చామనఛాయ మనిషి. ఈ రోజు బంగారు పూత పూసినట్టున్నారు. పసిమి ఛాయ అంటారే, అచ్చం అది.

"పెళ్ళికొడుకు కళ వచ్చింది మీకు" అన్నాను.

"ఈ వయసులో నన్నెవరు చేసుకుంటారు?"

"నేను చేసుకోలేదూ?"

నవ్వారు. నవ్వుతూ మోచెయ్యి గోక్కున్నారు.

ఏప్రిల్ 10

ఒళ్ళంతా దురద అంటున్నారు. సబ్బు మార్చాను. తగ్గలేదు. పట్టుచర్మం ఆవిడకు ఫోన్ చేశాను.

"మంచి గుర్తండీ అది. ఇన్నాళ్ళ విషాలూ బయటికి పోతున్నాయి. ఇప్పుడు గనక మానేస్తే ఇంతవరకూ వాడింది దండగ."

మంచి గుర్తట. ఫోన్ పెట్టేశాక కాస్త ఊపిరి వచ్చింది.

ఏప్రిల్ 11

వంటింట్లో బల్బు మార్చాలి. ఆ పాత బల్బు కింద ఎవరి కళ్ళయినా పచ్చగానే కనిపిస్తాయి.

ఏప్రిల్ 12

బల్బు మార్చాను.

ఏప్రిల్ 14

డిపో నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఎవరిదో ఫ్రేము వంచుతున్నాను. దారి మధ్యలో కళ్ళు తిరిగినట్టయితే ఆయన బస్సును పక్కకు తీసి, ఆపి, తలుపులు తెరిచి, ప్రయాణికులందరినీ వేరే బస్సెక్కించి, అప్పుడు మెట్ల మీద కూలబడ్డారట. అందరూ దిగేదాకా పడిపోలేదు. తోటి డ్రైవరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ చిన్న వయసు. ఆయన కనురెప్ప కిందికి లాగి చూసి, "కామెర్లు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాయి కళ్ళు?" అంది.

రోజూ మనుషుల కళ్ళలోకి చూసి బతికేదాన్ని నేను.

"మందులేమైనా వాడుతున్నారా? తాగే అలవాటుందా?"

"ఏమీ లేవండీ" అన్నారు డ్రైవరుగారు. నా వైపు చూడలేదు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నేనూ ఏమీ లేవన్నాను.

అబద్ధం కాదు. మందులా అని కదా అడిగింది. ఇది మందు కాదని సీసా మీదే రాసి ఉంది.

ఏప్రిల్ 15

వైరసులేవీ లేవన్నారు. కడుపు స్కానింగులో రాళ్ళు లేవు. ఎందుకొచ్చాయో తెలియడం లేదట. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. దిండు గలీబు తెల్లగా ఉండటంతో ముఖం మరీ పచ్చగా కనిపిస్తోంది.

అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఆ పిల్ల టీ తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు నా కళ్ళజోడు పెట్టెలోంచి రెండు గుళికలు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇప్పుడే కదా ఒంటికి బలం కావలసింది. ఆయన వాటి వంక కాసేపు చూశారు. తర్వాత నా వంక చూశారు. మింగారు.

ఏప్రిల్ 16

కామెర్ల అంకె నిన్నటికంటే పెరిగింది. రక్తం గడ్డకట్టే తీరు కూడా చెడుతోందట. ఇలాగే పెరిగితే పెద్ద ఆసుపత్రికి పంపాలి, కాలేయం మార్చాల్సి రావచ్చు అని డాక్టరమ్మ వరండాలో చెప్పింది. అమ్మాయి గోడకు ఆనుకుంది.

డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, "ఇంట్లో ఆయన నోట్లో వేసుకునేవి ఏమున్నా సరే, అన్నీ కావాలి నాకు. పొడులు, కషాయాలు, బలానికని, జుట్టుకని, ఏవైనా. మీకు లెక్కలోవి కావనిపించినవి కూడా. ఒక సంచీలో వేసి తీసుకురండి" అంది.

"మా ఇంట్లో అలాంటివేం ఉండవండీ. నాన్నకి తలనొప్పి మాత్రన్నా పడదు" అంది అమ్మాయి. గొంతులో బడి లేదు.

నేను తలూపాను. దేనికి ఊపానో నాకే తెలియదు.

ఏప్రిల్ 17

సంచీ దొరకలేదు. రేపు తీసుకెళ్తాను.

ఏప్రిల్ 18

ఇల్లంతా సంచీలే. తలుపు వెనక కొక్కేనికే ఐదారు వేలాడుతున్నాయి.

ఉదయం టీపొడి డబ్బా జరిపి సీసా తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. దుకాణంలో వాడే భూతద్దంతో వెనకున్న చిన్న అక్షరాలు మొదటిసారి పూర్తిగా చదివాను. చివరి వరుసలో ఉంది: కాలేయ సమస్యలున్నవారు వాడే ముందు వైద్యుణ్ణి అడగాలి. ఆయనకు ఏ సమస్యా లేదు కదా అనుకున్నాను. అనుకుని, ఇక ఆ ఆలోచన సాగలేదు. సీసా సంచీలో వేసుకుని బయల్దేరాను. ఆయన నడపని బస్సులో.

ముందు ఆయనకే చెప్పాలనిపించింది. మంచం అంచున కూర్చుని సంచీ మూతి తెరిచి చూపించాను.

"వద్దు" అన్నారు.

"ఏం వద్దు?"

"డాక్టరుకి చూపించొద్దు. అమ్మాయి ఇక్కడే ఉంది. దాని నోరు నీకు తెలుసు. నీ మీద ఒక్క మాట జారిందంటే తర్వాత అదీ వెనక్కి తీసుకోలేదు, నువ్వూ మరిచిపోలేవు. అది మనింట్లో కూర్చుని అన్నం తినడానికి ఎన్నాళ్ళు పట్టిందోయ్."

"అంటే మీకు ముందే అనుమానం వచ్చిందా?"

చెయ్యి చాపి సంచీ మూతి మూశారు.

"ఎప్పుడొచ్చింది?"

"దురద పుట్టినప్పుడు."

"మరి మొన్న ఇక్కడ ఇచ్చినప్పుడు కూడా ఎందుకు మింగారు?"

దుప్పటి అంచు సరిచేసుకున్నారు. గోళ్ళు కూడా పచ్చబడ్డాయి. "రోజూ పొద్దున్నే నువ్వవి నా చేతిలో పెట్టేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు. నన్ను ఇంకా చాలాకాలం ఉంచుకోవాలని అంత ఆశపడే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. వద్దని ఎట్లా అనను?"

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదో నా మీదో తెలియదు. "మీకేమన్నా అయితే ఆ మొహం ఎవరికి చూపించుకోను?" అన్నాను. వార్డులో అందరూ తిరిగి చూశారు. సంచీ పట్టుకుని లేచాను.

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది, ఫోనులో ఏదో వెతికింది. ఎప్పటి నుంచి, రోజుకెన్ని, చివరిసారి ఎప్పుడు అని అడిగింది. చివరిసారి మొన్న, ఇదే వార్డులో అని చెప్పాను. ఆవిడ కలం ఒక్క క్షణం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆకులే కదా డాక్టరుగారూ" అన్నాను.

"ఆకులు వేడినీళ్ళలో వేసుకుని తాగితే ఒక మాట. గంపెడాకుల సారం పిండి ఒక్క గుళికలో కుక్కితే వేరే మాట. అందరికీ ఇలా జరగదు. కొందరి కాలేయం తట్టుకోదు, అంతే. అది ఎవరిదో ముందుగా చెప్పలేం. ఇది దానివల్లే అని ఇప్పుడే గట్టిగా చెప్పలేను కూడా. ఆపి చూడాలి. మీరు తేవడం మంచిదయింది."

వెళ్ళిపోవలసినదాన్ని, సిగ్గు విడిచి అడిగాను. "మరి వయసు ఆపుతాయన్నది?"

"ఎలుకల్లో కొన్ని పనిచేశాయి. మనుషుల్లో రక్తపరీక్షలో కొన్ని అంకెలు మారినట్టు చూపించినవీ ఉన్నాయి. అవి మింగి మనిషి ఎక్కువ కాలం బతికాడని మాత్రం ఇంతవరకూ ఎవరూ చూపించలేదండీ." సీసా మూత బిగించి, కాస్త గొంతు తగ్గించింది. "మా అమ్మా ఇలాంటివి వాడుతుంది. మానమంటే నాతో మాట్లాడటం మానేస్తుంది."

బయటికి వచ్చేసరికి తలుపు దగ్గర అమ్మాయి నిలబడి ఉంది. మొత్తం వింది. నేను గోడ పక్కన నిలబడ్డాను. అనవలసిన మాటలన్నీ నాకు నేనే లోపల అనుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఆంటీ, మీరూ అవే మింగారా?"

"ఆఁ."

"ఎన్ని?"

"ఆయనకెన్నో నాకూ అన్నే."

"ఇవాళ పొద్దున?"

"మొన్నటిదాకా."

"అయితే ఇక్కడ నిలబడతారేంటి? పదండి." నా మోచెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా ఇంతకు ముందెప్పుడూ పట్టుకోలేదు. "ఆయన కళ్ళు చూస్తున్నారు, మీ కళ్ళు ఎవరు చూస్తున్నారు? మీకేమైనా అయితే ఇంట్లో ఆయన్ని ఎవరు చూస్తారు? నన్ను చూడమంటారా, నాకు వంట కూడా రాదు."

రక్తం తీసే గదిలో నేను కుర్చీలో కూర్చుంటే ఆ పిల్ల పక్కన నిలబడి నర్సుకు ప్రశ్నలు వేస్తూనే ఉంది, సూది కొత్తదేనా, ఫలితం ఎప్పుడిస్తారు అంటూ. నేనప్పుడు ఏడ్చాను. సూదికి భయమనుకుని నర్సు దూది గట్టిగా అదిమింది.

ఏప్రిల్ 19

నా రక్తం శుభ్రంగా ఉందట. ఒకే సీసా, ఒకే మోతాదు. అమ్మాయి కాగితం చూసి ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం ఎవరో నన్ను వదిలి ముందుకు వెళ్ళిపోయినట్టు అనిపించింది. ఆయన పక్క మంచం మీద నేనూ పడుకుని ఉంటే న్యాయంగా ఉండేది.

ఈ మాట ఆయనతో అంటే, "పక్క మంచం మీద ఒకాయన ఉన్నాడు, ఆయన ఒప్పుకోడు" అన్నారు.

ఏప్రిల్ 20, ఆదివారం

పెరిగింది.

ఏప్రిల్ 21

పెరిగింది. మానేశాక కూడా ఎందుకు పెరుగుతోందని అడిగాను. కొన్నాళ్ళు పడుతుంది అన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేదు.

ఏప్రిల్ 22

పెరగలేదు. తగ్గనూ లేదు.

మధ్యాహ్నం ఆయన పాదాలకు నూనె రాశాను. ఇన్నేళ్ళ క్లచ్చూ బ్రేకూ అన్నీ ఆ పాదాల్లోనే ఉన్నాయి. ఎడమ కాలి బొటనవేలు లోపలికి తిరిగి ఉంటుందని ఇప్పటిదాకా నాకు తెలియదు. మనిషిని ఎక్కువ కాలం ఉంచుకోవాలని ఆశపడ్డానే గాని, ఉన్న మనిషిని ఇంత తీరిగ్గా చూడలేదు.

ఏప్రిల్ 24

తగ్గింది. కొంచెమే. రక్తం గడ్డకట్టేదీ మెరుగయిందట. పెద్ద ఆసుపత్రి మాట ఇక లేదని డాక్టరమ్మ చెప్పింది. అమ్మాయి వరండాలో నా భుజం మీద తల పెట్టింది. బరువుగా ఉంది. కదలకుండా నిలబడ్డాను.

మే 4, ఆదివారం

ఇంటికి వచ్చాం. మెట్ల దగ్గర ఆయన రెండుసార్లు ఆగారు. ఆయన కోసమని నేనూ ఆగాను. నిజానికి నాకూ ఆయాసం వచ్చింది.

అమ్మాయి వంట చేసింది. ఉప్పు మరిచిపోయింది. ముగ్గురమూ తిన్నాం, ఎవరమూ ఏమీ అనలేదు. చివర్లో అదే అంది, "ఏం, ఎవరికీ నోరు లేదా?"

మే 11, ఆదివారం

పట్టుచర్మం ఆవిడకు ఫోన్ చేశాను. తిడదామనే చేశాను. మొత్తం చెప్పాను.

"నాకేం కాలేదే" అంది.

"నాకూ కాలేదండీ."

"మరి... నేను ఐదేళ్ళుగా వాడుతున్నానమ్మా. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ. అద్దంలో నేను ముసలిదాన్నయిపోతే ఆయన చూసిన మొహం ఇక ఎక్కడా ఉండదనిపించింది."

తిట్టలేకపోయాను. ఆవిడ చర్మం బాగుండటానికి ఆ గుళికలే కారణమో, వాళ్ళ వంశమే అంతో ఎవరికి తెలుసు. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమని, అమ్మడం ఆపమని చెప్పాను. అమ్మడం ఆపేస్తానంది. మింగడం సంగతి మాట్లాడలేదు. రేపు దుకాణానికి రమ్మన్నాను, ఊరికే, టీ తాగడానికి.

జూన్ 2

కళ్ళు తెల్లబడ్డాయి. పసిమి పోయి మళ్ళీ మామూలు చామనఛాయ. బరువు తగ్గడంతో మెడ కింద చర్మం ఇంకా వదులయింది. పదేళ్ళు మీద పడినట్టున్నారు. తలుపు పక్కన నిలబడి ఎంతసేపైనా చూడగలుగుతున్నాను.

జూన్ 19

ఇక బస్సు నడపరు. డిపోలో కొత్తవాళ్ళకు నేర్పే పని ఇచ్చారు. ఈ రోజు మొదటి రోజు. వచ్చి, "ఒకడు గేరు మారుస్తుంటే నా పళ్ళు రాలిపోయాయనుకున్నా" అన్నారు. ఆకలి అన్నారు. రెండుసార్లు వడ్డించుకున్నారు.

జూలై 8

ఈ సాయంత్రం దుకాణం ఖాళీగా ఉంది. తలుపు గంట మోగితే తలెత్తి చూశాను. డ్రైవరుగారు. నేర్పే పనిలో కాగితాలు చదవాల్సి వస్తోందట, అక్షరాలు అలుక్కుపోతున్నాయట. దూరపు చూపు బాగుందని ఇన్నాళ్ళూ దగ్గరి కళ్ళజోడు పెట్టుకోనన్న మనిషి, దుకాణానికి వచ్చే అందరిలాగే వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

పరీక్ష చేసి, సరిపోయే అద్దాలు నమూనా ఫ్రేములో బిగించి, కళ్ళకు పెట్టాను. చెవుల వెనక వేళ్ళు పెట్టి సరిచేయడానికి ముందుకు వంగాను. అప్పటిదాకా బల్ల మీది కాగితాన్ని చూస్తున్నవారు తలెత్తారు. జానెడు దూరంలో నా ముఖం.

అలాగే ఉండిపోయారు.

"ఏం, బాగా కనిపించడం లేదా?" అన్నాను.

"కనిపిస్తోంది." చూపు నా కళ్ళ చివరల నుంచి బుగ్గల మీదికి, పెదవుల పక్కకు నెమ్మదిగా నడిచింది. "ఇవన్నీ ఎప్పటి నుంచి ఉన్నాయి?"

"ముడతలా? మీరు రాకముందు నుంచీ ఉన్నాయి."

"నాకెవరూ చెప్పలేదేం?"

సిగ్గేసింది. ఫ్రేము తీయబోయాను. నా చేతిని మధ్యలోనే పట్టుకున్నారు.

"ఉండు. కదలకు. ఇంకా చూడటం అవలేదు."

నేను కదల్లేదు.